టీ పన్ను పెంచినందుకే అమెరికా తిరగబడిందా?

"బ్రిటన్ టీ మీద పన్ను విపరీతంగా పెంచింది. ఆ భారం మోయలేక బోస్టన్ జనం టీ పెట్టెలు సముద్రంలో పారేశారు. ఆ రాత్రితో దేశమంతా ఒక్కటై స్వాతంత్ర్యం కోసం లేచింది." వాట్సాప్‌లో తెగ తిరిగే ఈ మాటల్లో పెట్టెలు పారేయడం ఒక్కటే నిజం.

అసలు 1773 టీ చట్టం పన్ను పెంచనే లేదు. పౌండు బరువు టీకి 3 పెన్నీల సుంకం 1767లో వేసిందే. కొత్త చట్టం వల్ల ఈస్టిండియా కంపెనీకి బ్రిటన్‌లో కట్టే సుంకం మినహాయింపు దొరికింది, సరుకును సొంత ఏజెంట్లతో నేరుగా అమెరికాలో అమ్ముకునే వీలూ వచ్చింది. అంటే టీ చౌకవుతుంది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులను పుచ్చుకున్న కంపెనీ ఇదే. అప్పుల్లో మునిగి, లండన్ గోదాముల్లో అమ్ముడుపోని టీ పేరుకుపోయి ఉంటే, దాన్ని గట్టెక్కించడానికే ఈ ఏర్పాటు. బోస్టన్ ఏజెంట్లలో మసాచుసెట్స్ (బోస్టన్ ఉన్న వలస రాజ్యం) గవర్నర్ హచిన్సన్ కొడుకులు కూడా ఉన్నారు. స్థానిక వర్తకులకూ, డచ్ టీని దొంగచాటుగా తెచ్చేవాళ్లకూ కడుపు మండింది. మిగతావాళ్ల వాదన వేరు: చౌకగా ఉందని కొంటే, తాము ఓటు వేయని పార్లమెంటుకు తమ మీద పన్ను వేసే హక్కుందని ఒప్పుకున్నట్టే.

ఇక భారం సంగతి. వలసవాసులు, అంటే అప్పటికి బ్రిటన్ ఏలుబడిలో ఉన్న అమెరికా వలస రాజ్యాల జనం, కట్టే పన్ను బ్రిటన్‌లో ఉన్నవాళ్లు కట్టేదానికంటే చాలా తక్కువ. పత్రాల మీద, పత్రికల మీద పన్ను వేసిన 1765 స్టాంపు చట్టాన్ని గొడవ చేసి మరుసటి ఏడాదే రద్దు చేయించుకున్నారు కూడా. కానీ రద్దు చేసిన రోజే, వలస రాజ్యాల మీద ఏ విషయంలోనైనా చట్టం చేసే అధికారం తమదేనని పార్లమెంటు ఇంకో చట్టం తెచ్చింది. తగవంతా అక్కడే ఉంది.

1773 డిసెంబర్ 16 రాత్రి 342 పెట్టెలు నీళ్లలో పడ్డాయి. నష్టపరిహారం కట్టేయడమే న్యాయమని వలసవాసుల పెద్ద నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడే అన్నాడు. పరిస్థితిని చేయి దాటించినవి, ఆ పనికి శిక్షగా పార్లమెంటు 1774లో తెచ్చిన చట్టాలు. బోస్టన్ రేవు మూసేశారు. మసాచుసెట్స్‌లో గవర్నర్ అనుమతి లేకుండా ఏడాదికి ఒక్కసారి మించి ఊరి సభలు పెట్టకూడదన్నారు. తమ ఊరి వ్యవహారాలు తామే తేల్చుకునే రైతులు దీన్ని సహించలేదు. ఆ సెప్టెంబర్‌లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఊళ్లో దాదాపు 4,600 మంది వీధికి రెండు వైపులా బారులు తీరి కోర్టు తెరవనివ్వలేదు. న్యాయాధికారుల చేత టోపీలు తీయించి, తమ మధ్య నడిపించి, ఆ చట్టాల కింద కొలువు చేయబోమని పదేపదే చెప్పించారు.

అప్పటికీ కోరింది స్వాతంత్ర్యం కాదు. యుద్ధం మొదలయ్యాక కూడా, 1775 జులైలో, రాజీ కోరుతూ రాజుకు విన్నపం పంపారు. ఆయన పట్టించుకోలేదు.

అందరూ ఒక్కటయ్యారన్నది మరీ అన్యాయం. తెల్లవాళ్లలో దాదాపు ఐదో వంతు రాజు పక్షమే. తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే విముక్తి ఇస్తానని 1775 నవంబర్‌లో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ ప్రకటిస్తే, వందలాది మంది నల్లవాళ్లు పారిపోయి ఆయన దగ్గరికే వెళ్లారు. వాళ్లకు స్వేచ్ఛ దొరికే దారి బ్రిటిష్ వైపే కనిపించింది.