ఎగువన ఆగిన ఇసుక, దిగువన తెగిన తీరం

నది సముద్రంలో కలిసేచోట, అంటే మొగ దగ్గర, తీరం కోసుకుపోయిన ప్రతిసారీ నింద సముద్రం మీదే పడుతుంది. ఇళ్లు కూలేది అలల తాకిడికే కనుక అలా అనిపించడం సహజం. అయితే అలలు ఇసుకను లాక్కుపోవడం ఇవాళ మొదలైంది కాదు; పోయినదాన్ని వరద వరదకూ తెచ్చి పూడ్చే నదినే మనం ఆనకట్టలతో కట్టిపడేశాం.

మొగ దాటగానే వడి తగ్గిన ప్రవాహం ముతక ఇసుకను అక్కడే వదిలేస్తుంది. ఏటవాలుగా వచ్చే అల ఒక్కో రేణువునూ పక్కవాటుగా ఒడ్డెక్కిస్తుంది, వెనక్కి మళ్లే నీరు దాన్ని నేరుగా కిందికి లాగుతుంది. రంపపు పళ్లలాంటి ఈ దారిలోనే ఇసుక తీరం పొడవునా సాగి, మొగకు ఎంతో దూరాన ఉన్న ఒడ్డును సైతం నిలబెడుతుంది.

నైలు నది ఒకప్పుడు ఏటా 10 కోట్ల టన్నులకు పైగా ఒండ్రును మధ్యధరా సముద్రానికి చేర్చేది. 1964లో ఈజిప్టులోని ఆస్వాన్ హైడ్యామ్ వెనుక నీరు నిలవడం మొదలయ్యాక ఆ ఒండ్రు దాదాపు మొత్తంగా జలాశయంలోనే ఉండిపోతోంది. అంతకుముందు కట్టిన ఆనకట్టలతోనే మొదలైన కోత ఆ తర్వాత ఉధృతమై, నైలు పాయల్లో ఒకటైన రొసెట్టా మొగ దగ్గర తీరం ఏడాదికి సుమారు 100 మీటర్ల చొప్పున వెనక్కి జరిగిన కాలమూ ఉంది. అక్కడ కట్టిన రాతి గోడలు మొగను నిలిపాయి గానీ, కోత ఆ గోడల చివరలకు మారింది.

ఊరు మునిగే చోట గోడ వద్దనడం అమానుషం. కానీ గోడ ఇసుకను పుట్టించదు. ఒక ఊరిని కాచి, ఆ కష్టాన్ని పొరుగూరికి నెడుతుంది. ఓడరేవుల కోసం సముద్రంలోకి కట్టే రాతి కట్టలదీ ఇదే తీరు: ఇసుక వచ్చే వైపు మేట, అవతలి వైపు కోత.

అమెరికాలోని ఎల్వా నదిపై రెండు ఆనకట్టలను 2011-2014 మధ్య తొలగించగా, దశాబ్దాలుగా పేరుకున్న పూడిక దిగువకు కదిలి, తరుగుతూ వచ్చిన మొగ దగ్గర కొత్త నేల ఏర్పడింది. అన్ని ఆనకట్టలనూ కూల్చమని మేము అనడం లేదు. సాగునీరు, విద్యుత్తు వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. పూడికను దిగువకు వదిలే తూములు, రేవు కట్ట దగ్గర పేరుకున్న ఇసుకను అవతలి ఒడ్డుకు చేర్చే ఏర్పాటు మాత్రం తప్పనిసరి చేయాలి. ఆనకట్టకైనా, ఇసుక తవ్వకానికైనా, రేవుకైనా అనుమతి ఇచ్చేముందు మొగకు చేరే ఇసుక ఎంత తగ్గుతుందో లెక్కగట్టాలి, ఆ లెక్కను తీరగ్రామాల ముందు పెట్టాలి.