దీపం ఆరకపోతే దిగొచ్చా?

“సెప్టిక్ ట్యాంక్ కడిగించే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు గమనిక” అన్న వాట్సాప్ మెసేజ్ మళ్లీ వచ్చింది, ఈసారి ముగ్గురు పంపారు. పని కాంట్రాక్టర్‌కిస్తే బాధ్యత అతనిదేనట. కూలీ చేత సంతకం పెట్టించుకోవాలట. ట్యాంకులోకి దీపం దించి, ఆరకపోతే మనిషిని దింపొచ్చట. మాస్కు ఇస్తే చాలట.

కాంట్రాక్టర్ మాట తప్పు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపించడం పాకీపనిని నిషేధించే 2013 చట్టం 7వ సెక్షన్ ప్రకారం నేరం, నేరుగా పెట్టుకున్నా, మధ్యవర్తి ద్వారా పెట్టుకున్నా. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిల్ హక్కుగా రాదు. సంతకం కాగితం దీన్ని మాఫీ చేయదు. మనిషి పోతే పరిహారం ఇదివరకటిలా 10 లక్షలు కాదు, 30 లక్షలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రాణాలు తీసేది దీపం సలహా. పాత బావుల్లో దీపం దించడం ఉత్త నమ్మకం కాదు, ఒప్పుకుంటాను. బొగ్గుపులుసు వాయువు చేరిన బావిలో అది ఆరిపోయి హెచ్చరిస్తుంది. కానీ ఆక్సిజన్ దాదాపు 16 శాతానికి పడితే గానీ దీపం ఆరదు. మనిషికి 19.5 శాతం కంటే తగ్గినా ప్రమాదమే. పైగా ఇక్కడ చంపేది ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు, దాన్ని దీపం పసిగట్టదు. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కదా అంటారా? పదిలక్షల భాగాల గాలిలో అది 100 భాగాలు దాటితే ముక్కే మొద్దుబారుతుంది. అడుగు మడ్డిలో ఇరుక్కున్న గ్యాస్, కాలు పెట్టి కదపగానే ఒక్కసారిగా పైకొస్తుంది. అంటే పైనుంచి చూసిన పరీక్ష అప్పటికే చెల్లదు. ఇక మండే వాయువు మీథేన్ గాల్లో 5 నుంచి 15 శాతం ఉన్నచోట నిప్పు దించితే ఏమవుతుందో ఈ మెసేజ్ రాసినవారు ఆలోచించారా?

మాస్కు ఆక్సిజన్‌ను పుట్టించదు. పైనుంచి గొట్టంతో గాలి అందాలి, గ్యాస్ మీటర్, నడుముకు తాడు కట్టిన బెల్టు ఉండాలి. అవన్నీ ఉన్నా దింపడానికి తప్పనిసరి కారణం, స్థానిక సంస్థ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి.

గట్టిపడిన మడ్డి, ట్యాంకును పీల్చే లారీ పైపుకు అందదన్నది నిజమే. నీళ్లు పోసి, పైనుంచే జెట్‌తో కదిపి మళ్లీ లాగించండి. అడుగున కాస్త మిగిలినా నష్టం లేదు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. మనిషి దిగాల్సిందేనంటే లారీని వెనక్కి పంపి, ట్యాంకుల శుభ్రత హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేయండి. ఎవరైనా పడిపోతే వెంట దూకకండి, 101కి చేయండి. కాపాడబోయినవాళ్లే రెండో శవం, మూడో శవం అవుతున్నారు.