240 కిలోల్లో మన వాటా 100 కిలోల 32 గ్రాములు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక టీ కొట్టు, దాని ముందు ఒక బెంచీ. దేశంలో ఎవరు ఏ ఆట ఆడినా తుది తీర్పు వచ్చేది ఆ బెంచీ మీది నుంచే. నేను అందులో సీనియర్ సభ్యుణ్ని. అర్హత ఏమిటంటారా, పదో తరగతిలో కబడ్డీ టీమ్‌లో ఎక్స్‌ట్రా ప్లేయర్‌ని, ప్రస్తుతం నడుం నొప్పి పేషెంట్‌ని. రెండు కిలోలకు మించి ఎత్తొద్దని డాక్టరు రాసిచ్చిన చీటీని లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాను, ఇంట్లో తరచూ చూపించాల్సి వస్తుంది.

మొన్న బెంచీ ముందుకు ఒక తీవ్రమైన సమస్య వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటానంటోంది. పీఈటీ సారు ఫోన్‌లో కరణం మల్లీశ్వరి వీడియో చూపించాడట, అప్పటి నుంచి ఇంట్లో ఒకటే గొడవ. మా అక్క టెన్షన్ పడి నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, జర నువ్వన్న చెప్పు, ఆడపిల్లకు గీ బరువులెందుకు?" అని. బెంచీలో పెట్టి చెప్తానన్నాను.

ముందుగా మల్లీశ్వరి కెరీర్‌ని క్షుణ్ణంగా పరిశీలించాం. శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. అర్జున, ఖేల్‌రత్న, పద్మశ్రీ అన్నీ ఒలింపిక్స్ కంటే ముందే వచ్చేశాయి. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్లేసరికి ఆమె ఒంటి బరువు లెక్కన 69 కిలోల విభాగంలో ఉంది. "అంటే లావైనట్టే గద!" అని ఒక సభ్యుడు పాయింటు పట్టాడు. ఇతను పెళ్లయ్యాక మూడు విభాగాలు దాటాడు, ఒక్క పతకం కూడా లేదు. పాపం ఇతన్ని అనడం కూడా అన్యాయమే, ఆమె పనైపోయిందని, ఒళ్లొచ్చిందని సిడ్నీకి ముందు రాసినవాళ్లు చదువుకున్నవాళ్లే.

అసలు ఒలింపిక్స్‌లో మగవాళ్లు 1896 నుంచే బరువులెత్తుతున్నారు. ఆడవాళ్లని ఎత్తనిచ్చింది 2000లో. మధ్యలో 104 ఏళ్లు పెద్దలు కూర్చుని ఆలోచించారన్నమాట, మా బెంచీ కంటే నిదానస్థులు లోకంలో ఉన్నారని తెలిసి మాకు కొంచెం ధైర్యం వచ్చింది. అలా తలుపు తీసిన మొదటిసారే, సెప్టెంబర్ 19న, మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపులో నెత్తి మీదికి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు రొమ్ము దాకా, ఆగి నెత్తి మీదికి) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ. ముందున్న చైనా అమ్మాయి, హంగేరీ ఆమె ఇద్దరూ 242.5 దగ్గర సమానంగా ఆగితే, ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయికి బంగారం ఇచ్చారు. ఒళ్లు తూచడం మన దగ్గరే కాదు, అక్కడా ఉంది.

ఇక ఆఖరి ప్రయత్నం. బంగారం కోసం క్లీన్ అండ్ జెర్క్‌లో 137.5 అడిగింది, లేవలేదు. ఈ 137.5 మీద మా బెంచీలో ఇరవై అయిదేళ్లుగా చర్చ నడుస్తోంది. తక్కువ అడగాల్సిందని ఒకరు, మోచెయ్యి అట్లా కాదు ఇట్లా అని ఇంకొకరు, టీ గ్లాసు ఎత్తి మరీ చూపిస్తారు.

తర్వాత పంపకాల సమస్య. పతకం వచ్చింది ఉమ్మడి రాష్ట్రంలో. 2014లో విడిపోయినప్పుడు బస్సులు, బిల్డింగులు, అప్పులు అన్నీ ఆంధ్రకు 58.32, తెలంగాణకు 41.68 శాతం లెక్కన పంచుకోవాలన్నారు గానీ దీని గురించి ఎవరూ నోరెత్తలేదు. లెక్క వేస్తే 240లో తెలంగాణ వాటా 100 కిలోల 32 గ్రాములు. ఆమె హర్యానా కోడలై యమునానగర్‌లో స్థిరపడింది, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ కూడా అయింది కాబట్టి వాళ్లూ వాటా అడిగేలోపు మనం కాయితం పెట్టుకోవాలని తీర్మానించాం. (కోడలై అన్నానని గమనించారా? బరువులెత్తితే పెళ్లి కాదన్న సభ్యుడు ఇక్కడ రెండో టీ చెప్పి ఊరుకున్నాడు. ఆమె పెళ్లయింది 1997లో, పతకం ఆ తర్వాతే.)

మీరాబాయి చాను సంగతీ వచ్చింది. మణిపూర్ పిల్ల, చిన్నప్పుడు కట్టెల మోపులు మోసేదట. టోక్యోలో 87, 115, మొత్తం 202 కిలోలతో వెండి. "చూసిన్రా, మన ఆడోళ్లకు గ్యాసిచ్చి పతకాలు పోగొట్టిన్రు" అని ఒకరు బాధపడ్డారు. అట్లా అనలేం. సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పైకి అటూ ఇటూ. మా ఇంట్లో దాన్ని గేటు నుంచి వంటింటి దాకా మోసేది మా ఆవిడ. నేను చీటీ చూపిస్తాను.

సరిగ్గా అప్పుడే దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ సీతాఫలాల గంప కింద పెట్టి కాసేపు అలుపు తీర్చుకుని, "జర గంప ఎత్తున్రి బిడ్డా" అంది. ఇద్దరం లేచి చెరో పక్క పట్టాం. గంప మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది. నా పర్సులో చీటీ గుర్తొచ్చింది, రెండోవాడికి నిజంగానే ఊపిరాడలేదు. "జరగున్రి" అని అవ్వ చుట్టబట్ట సర్దుకుని, వంగి, మోకాలి మీదికి, అక్కడి నుంచి రొమ్ము దాకా, ఒక్క క్షణం ఆగి దమ్ము తీసుకుని, నెత్తి మీదికి. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగలేక మంచినీళ్ల కోసం మైళ్లు నడిచి, బిందె మీద బిందె పెట్టుకుని తెచ్చిన తరం అది. సిడ్నీలో దీన్నే క్లీన్ అండ్ జెర్క్ అంటారు. బెంచీ మాత్రం, రెండో దశలో మోచేతులు వంగాయి కాబట్టి లిఫ్ట్ చెల్లదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అవ్వ వినలేదు, అప్పటికే మలుపు తిరిగింది.

చీకటి పడ్డాక తీర్పు వినిపిద్దామని అక్కకు ఫోన్ చేశాను. ఎత్తింది మేనకోడలు.

"మామా, ఒక్క నిమిషం ఆగు, బియ్యం దించి మాట్లాడ్త."

"ఏం బియ్యం?"

"రేషన్‌వి. నలుగురివి ఇరవై నాలుగు కిలోలు. అమ్మ కూలి నుంచి రాలే, నేనే తెచ్చిన. ఆఁ, చెప్పు మామా, ఏదో చెప్తానన్నవట?"

ఏమీ లేదు, ఊరికే చేశానన్నాను. ఫోన్ పెట్టేసి పర్సులోంచి చీటీ తీసి చూసుకున్నాను. రెండు కిలోలనే ఉంది.