గడ్డ దొరికింది సరే, ముక్క పరీక్ష ఎప్పుడు?

మా చిన్నమ్మది పరకాల దగ్గర పల్లె. బతుకమ్మ పండుగప్పుడు ఊళ్లో పెట్టిన శిబిరంలో నర్సమ్మ చూసి, రొమ్ములో గడ్డ ఉందని, వరంగల్ పోయి చూపించుకోమని చీటీ రాసిచ్చింది. నొప్పి లేదు కదా అని చిన్నమ్మ దాన్ని మడిచి చిల్లర సంచిలో పెట్టుకుంది. సంక్రాంతికి నేను ఊరికి పోయినప్పుడు కూడా అది అందులోనే ఉంది. పత్తి ఏరడం అయినంక పోదామనుకుందట.

నొప్పి లేకపోవడమే మోసం. మొదట్లో చాలా రొమ్ము క్యాన్సర్ గడ్డలు నొప్పి పెట్టవు.

పరీక్షలు పల్లెలదాకా రావడం మంచిదే. 30 దాటిన మహిళలను పరీక్షించే జాతీయ కార్యక్రమం ఉంది, 2023 మార్చిలో తెలంగాణలో మహిళల కోసం ‘ఆరోగ్య మహిళ’ పథకం మొదలైంది. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి లక్షన్నర మందితో 20 ఏళ్లు నడిపిన అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో చూసినందుకే 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

కానీ చెయ్యి గడ్డను పట్టుకుంటుంది, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అనుమానం చెబుతుంది. అది క్యాన్సరా కాదా తేల్చేది బయాప్సీయే, అంటే ముక్క పరీక్షే. మత్తు సూది ఇచ్చి, దారప్పోగుల్లాంటి సన్నని ముక్కలు తీసి ల్యాబ్‌కు పంపుతారు. ఏ మందు పనిచేస్తుందో కూడా ఆ ముక్కల మీదే తెలుస్తుంది. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని మా వైపు గట్టిగా నమ్ముతారు. ఆ భయం అక్కర్లేదు. అసలు రొమ్ము గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కానే కావు.

మొదట చూపించుకున్నాక 60 రోజుల్లో నిర్ధారణ పూర్తవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) లక్ష్యం. చిన్నమ్మకు ఆ 60 రోజులూ చీటీ సంచిలో ఉండగానే దాటిపోయాయి. తర్వాత ఓపీకి ఒకరోజు, స్కానింగ్‌కు ఒకరోజు, బయాప్సీకి ఇంకోరోజు, రిపోర్టుకు మళ్లీ రెండుసార్లు. పోయిన ప్రతిసారీ ఇద్దరి కూలి పోయింది. ఏటూరునాగారం అవతలి నుంచి వచ్చే ఆమెకు ఇది ఇంకెంత కష్టం? స్కానింగ్, బయాప్సీ ఒకేరోజు చేయాలి. రిపోర్టు సంగతి ఆశా కార్యకర్తకు ఫోన్‌లో చేరాలి. శిబిరంలో ఎంతమందిని చూశారన్నదే కాదు, చీటీ రాసిన ఎన్ని రోజులకు రిపోర్టు వచ్చిందన్నదీ జిల్లాలవారీగా లెక్క తీయాలి.

చిన్నమ్మకు క్యాన్సరే అని తేలింది, చికిత్స నడుస్తోంది. ఆ చీటీ నా దగ్గరే ఉంది. పేరు, వయసు, ‘కుడి రొమ్ములో గడ్డ’ అని రాసి ఉన్నాయి. ఏ రోజు రావాలో, వచ్చి ఎవరిని కలవాలో లేదు.