ఎన్నేళ్ల నుంచి ఉన్నారనేది కాదు, కాగితాలు చూపిస్తారా లేదా

తిరుపతిలో ప్లాటు కొనాలంటే ఎక్కువ ఏళ్లుగా ఉన్న, ఎక్కువ ప్లాట్లు అమ్మిన ఏజెన్సీనే చూసుకోమని ఒక ఆర్టికల్‌లో రాశారు, నాకైతే ఇది అస్సలు ఒప్పుకోబుద్ధి కావట్లేదండీ. ఇరవై ఏళ్లుగా ఉన్నారంటే ఆ ఇరవై ఏళ్లూ సరిగ్గా చేశారని ఎట్లా అనుకుంటాం? వెయ్యి ప్లాట్లు అమ్మినాం అంటారు సరే, ఎంతమందికి గొడవ లేకుండా ఇల్లు లేచిందో అది కదా చెప్పాల్సింది. రేణిగుంట రోడ్డు పోయినా చంద్రగిరి సైడు పోయినా ఏజెంట్లు చెప్పేది ఇంకో మాట, ఫలానా పెద్దాఫీసరు మా దగ్గరే కొన్నారు, స్వామివారి పాదాల దగ్గర భూమి రేటు ఎప్పటికీ తగ్గదు అని. ఆఫీసరు కొన్నది వేరే సర్వే నంబర్లో అయితే మనకేం లాభం? రేటు మాట పక్క ఏజెన్సీ వాళ్లూ చెప్తారు, ఇద్దరూ చెప్పే మాటని పట్టుకుని ఇద్దర్లో ఒకర్ని ఎట్లా ఎంచుకుంటాం.

2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కీ, దాన్ని అమ్మే ఏజెంటుకీ రిజిస్ట్రేషన్ ఉండాల. ఆ నంబరు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్, ఈసీ (ఆ భూమి మీద పాత లావాదేవీలు, అప్పులు చూపించే కాగితం) అడగండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు) ఉందేమో చూడటం మాత్రం అస్సలు వదలొద్దు, మన చుట్టుపక్కల దేవుడి మాన్యాలు, ప్రభుత్వ భూములు చాలా ఉన్నాయి. రేపటికి ఈ ప్లాటు ఉండదు అని తొందరపెడతారు, కానీ అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా బిల్డరు 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని కూడా అదే చట్టంలో ఉంది, ఆ ముక్క మొహం మీదే చెప్పండి.