పీ వేవ్ కనిపించలేదని జంక్షనల్ అనేయకండి

ఈసీజీ నేర్చుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక చిట్కా తెగ తిరుగుతోంది: "పీ వేవ్ లేకపోతే జంక్షనల్. రేటు 40–60 మధ్యే ఉండాలి. క్యూఆర్ఎస్ వెడల్పైతే కాదు. జంక్షనల్ అయితే పేస్‌మేకర్ తప్పదు." జంక్షనల్ అంటే గుండె లయ మామూలుగా పుట్టే సైనస్ నోడ్‌లో కాక, పై గదులకీ (ఏట్రియా) కింది గదులకీ (వెంట్రికిల్స్) మధ్య ఏవీ నోడ్ దగ్గరున్న జంక్షన్‌లో పుట్టడం. ఈసీజీలో పీ వేవ్ పై గదుల కరెంటు గీత, క్యూఆర్ఎస్ కింది గదులది; రేటు అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో. ఆ చిట్కాలోని నాలుగు మాటలూ తప్పే. మొదటిది ప్రాణం మీదికి తెస్తుంది.

జంక్షన్‌లో పుట్టిన కరెంటు కిందికి వెంట్రికిల్స్‌కి, పైకి ఏట్రియాకి వెళ్తుంది. పైకి ముందు చేరితే పీ వేవ్ క్యూఆర్ఎస్‌కి ముందొస్తుంది, ఆలస్యమైతే వెనకొస్తుంది, రెండూ ఒకేసారి చేరితే అందులో కలిసిపోతుంది. ఏట్రియాలో కింది నుంచి పైకి పాకుతుంది కాబట్టి రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో తలకిందులుగా ఉంటుంది. ముందొచ్చినప్పుడు పీఆర్ (పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా దూరం) సాధారణంగా మూడు చిన్న గడుల లోపే, అంటే 120 మిల్లీసెకన్ల లోపే. కాబట్టి పీ ఉన్నా జంక్షనల్ కావచ్చు.

పీ లేకపోయినా కాకపోవచ్చు. పొటాషియం బాగా పెరిగినా పీ మాయమవుతుంది. అప్పుడు క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే టీ వేవ్ మొనదేలిందా, క్యూఆర్ఎస్ సాగిందా చూడాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోనూ (పై గదులు క్రమం లేకుండా వణకడం) పీ ఉండదు, కానీ ఆర్-ఆర్ దూరాలు, అంటే ఒక బీటుకీ తర్వాతి బీటుకీ మధ్య దూరాలు, ఒక్క తీరున ఉండవు.

ఇక్కడే అసలు మోసం ఉంది. ఫిబ్రిలేషన్‌కి గుండె రేటు తగ్గించే డిగాక్సిన్ వాడుతున్న మనిషికి నిన్నటిదాకా అడ్డదిడ్డంగా ఉన్న ఆర్-ఆర్ ఇవాళ సమానమైంది, రేటు 45. రిథమ్ సర్దుకుందని సంతోషిస్తారు. బేస్‌లైన్ చూడండి, ఇంకా వణుకుతూనే ఉంది! ఏట్రియా ఫిబ్రిలేషన్‌లోనే ఉంది. ఏవీ నోడ్ దారి మూసుకుపోతే జంక్షన్ సొంతంగా నడిపిస్తోంది. ముందు అనుమానించాల్సింది డిగాక్సిన్ విషప్రభావాన్ని. తర్వాతి డోసు ఇవ్వకముందే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), డిగాక్సిన్ లెవెల్ చూడ్డానికి రక్తం పరీక్షకి పంపాలి.

రేటు మాటకొస్తే, 40–60 అనేది ఎస్కేప్ రిథమ్‌కి, అంటే పైనుంచి కరెంటు రానప్పుడు జంక్షన్ ఆదుకునే లయకి మాత్రమే. 60–100 ఉంటే యాక్సిలరేటెడ్, ఆపైన జంక్షనల్ టాకీకార్డియా. గుండె ఆపరేషన్ తర్వాత పసిపిల్లల్లో అది 170 కూడా దాటుతుంది.

క్యూఆర్ఎస్ మామూలుగా సన్నగానే ఉంటుంది. కానీ ముందే బండిల్ బ్రాంచ్ బ్లాక్ (కింది గదులకి కరెంటు మోసే కొమ్మల్లో ఒకటి పనిచేయకపోవడం) ఉంటే వెడల్పుగానే వస్తుంది. పాత ఈసీజీ తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక పేస్‌మేకర్. బాగా వ్యాయామం చేసేవాళ్లకి నిద్రలో జంక్షనల్ రిథమ్ వచ్చిపోతుంటుంది, దానికి చికిత్సే అక్కర్లేదు. గుండె రేటు తగ్గించే మెటోప్రొలాల్, డిల్టియాజెమ్ వల్ల వస్తే మందు ఆపడమో తగ్గించడమో డాక్టర్ చూసుకుంటారు. ఇన్‌ఫీరియర్ (గుండె కింది గోడకి వచ్చే) హార్ట్ ఎటాక్‌లో వచ్చేది చాలామందికి కొద్ది రోజుల్లో పోతుంది. ఈలోగా బీపీ పడిపోతే గుండె రేటు పెంచే అట్రోపిన్, అదీ చాలకపోతే తాత్కాలిక పేసింగ్. సరిదిద్దగల కారణమేదీ దొరక్క, సైనస్ నోడ్ పాడై కళ్లు తిరిగి పడిపోతున్నవాళ్ల లాంటివాళ్ల దగ్గర శాశ్వత పేస్‌మేకర్ మాట వస్తుంది.