పడిపోయిన మానుకూ లెక్క కట్టండి

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో గాలివానకు 50 వేలకు పైగా చెట్లు కూలాయని పేపర్లన్నీ రాశాయి. ఎన్ని పడ్డాయి, ఎంత నష్టం అని అందరూ అడిగారు. నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న వేరు. ఆ గాలి రాకముందు ఆ నేల మీద ఎంత ఎండు మాను పడి ఉండేది?

మనకు అడవి ఆరోగ్యం అంటే పైనుంచి కనిపించే పచ్చదనమే. ఒక హెక్టారులో పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో అది అటవీ విస్తీర్ణమే, మామిడి తోటైనా సరే. ఎండు మాను ఆ సంస్థ నివేదికలో కార్బన్ పట్టికలకే పరిమితం. రాష్ట్రం మొత్తానికి ఇచ్చిన అంకెతో ఫలానా గుట్ట మీద అడవి ఎలా ఉందో ఎవరు చెప్పగలరు?

కొలవడం కష్టమైన పనేమీ కాదు. నేల మీద వంద మీటర్ల టేపు తిన్నగా పరవాలి. టేపు కింద అడ్డంగా వచ్చిన ప్రతి దుంగనూ, అది టేపును దాటే చోట, ఎంత మందం ఉందో చూడాలి. పొడవుతో పనే లేదు. 10, 20, 30 సెంటీమీటర్ల దుంగలు మూడు తగిలాయనుకోండి. ఆ మందాల వర్గాలు కూడితే 1400. దాన్ని π (3.14) వర్గంతో గుణించి, టేపు పొడవుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే హెక్టారుకు సుమారు 17 ఘనపు మీటర్లు. ఒక్క టేపుతో తేలదు, వేర్వేరు దిక్కుల్లో చాలా పరవాలి. ఈ సూత్రం 1960ల నుంచీ ఉన్నదే.

అసలు సంగతి కత్తి మొనతో తెలుస్తుంది. నిన్నమొన్న పడిన మానుకు బెరడు ఊడదు, కత్తి దిగదు. కొన్నేళ్లకు బెరడు రాలి, పైకట్టె మెత్తబడి, చేవ ఒక్కటే గట్టిగా మిగులుతుంది. ఆఖరికి చేత్తో నలిపితే పొడైపోతుంది. ఈ దశలన్నీ ఒకే చోట కనిపిస్తే ఆ అడవిలో చావూ పుట్టుకా సాగుతున్నట్టు. అంతా తాజా కట్టే ఉండి పుచ్చినది లేకపోతే, ఇన్నేళ్లూ పడినది పడినట్టే ఎవరో తీసుకుపోయారని గానీ, వేసవి మంటల్లో కాలిపోయిందని గానీ అనుమానించాలి. అందుకే ఒక్క మొత్తం చాలదు, మందం, దశ రెండూ రాయాలి. ఫిన్లాండ్ అడవి జీవుల్లో ఐదో వంతుకు పైగా ఎండు మానునే నమ్ముకుని బతుకుతాయి. అలాగని వాళ్ల అంకెలు ఇక్కడ పనికిరావు. మన దగ్గర వేడి, చెదలు కట్టెను అంతకంటే త్వరగా తినేస్తాయి. మనవి మనమే కొలుచుకోవాలి.

అభయారణ్యాల్లోంచి చచ్చిన, గాలికి పడిన చెట్లను తీయొద్దని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరిలోనే చెప్పింది. అయినా పడిన చెట్టును చూడగానే ‘వృథా అవుతోంది, అమ్మితే డబ్బొస్తుంది కదా’ అనేవాళ్లే ఎక్కువ. ఇంకో మాట, చితుకులు ఏరుకునే ఆడవాళ్ల మీద పడకండి. వాళ్ల మోపులో ఉండేవి సన్న పుల్లలు. వడ్రంగిపిట్టకు కావాల్సింది నిలబడ్డ లావు మోడు. దాన్ని నరికి లారీకెత్తేది వాళ్లు కాదు.

తాడ్వాయిలో కూలిన మానుల మధ్య కొన్ని శాశ్వత గీతలు గుర్తుపెట్టి, ప్రతి వేసవికీ అవే గీతల మీద టేపు పరచి, వచ్చిన అంకెలను జనం ముందు పెట్టాలి. అటవీ శాఖ బీట్ ఆఫీసర్లకు టేపు, కత్తి, ఒక నోట్‌బుక్ ఇస్తే చాలు.